అమెరికాలో అధునాతన రియాక్టర్‌కు 18 నెలల్లో లైసెన్సు వస్తుందా? దరఖాస్తు వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సర్వీసెస్ కంపెనీలో ఉన్నారు, అమెరికాలోని ఒక కొత్త తరం రియాక్టర్ కంపెనీకి డ్రాయింగులు, లెక్కలు చేసిపెట్టే ప్రాజెక్టులోకి వెళ్తున్నారు. అడ్వాన్స్ చట్టం (అణు లైసెన్సింగ్‌ను తేలిక చేసే 2024 చట్టం), పార్ట్ 53 (కొత్త తరం రియాక్టర్ల నిబంధనలు), 2025 నాటి అధ్యక్ష ఉత్తర్వుల తర్వాత అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీ లైసెన్సు 18 నెలల్లో వచ్చేస్తుందని క్లయింట్ అంటున్నాడు. అది నమ్మొచ్చా, మన వైపు నుంచి ఏం సిద్ధం చేసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, 18 నెలలు సాధ్యమే. అయితే ఆ లెక్క మొదలయ్యేది దరఖాస్తును ఎన్ఆర్‌సీ స్వీకరించిన రోజు నుంచి. ఇప్పటిదాకా ఆ వేగం కనిపించింది కన్‌స్ట్రక్షన్ పర్మిట్లలోనే. దానికి ముందు జరిగే సంప్రదింపులు ఆ 18 నెలల్లోకి రావు, తర్వాత పెట్టుకోవాల్సిన ఆపరేటింగ్ లైసెన్సు దరఖాస్తూ రాదు. టెర్రాపవర్ వాళ్లు వ్యోమింగ్‌లోని కెమ్మరర్ ప్లాంటుకు 2024 మార్చిలో దరఖాస్తు పెట్టారు. మే నెలలో అది డాకెట్‌కు ఎక్కింది, అంటే ఎన్ఆర్‌సీ సమీక్షకు స్వీకరించింది. 2026లో ముగిస్తామన్న భద్రతా మదింపు 2025 డిసెంబరు మొదట్లోనే పూర్తయింది. ఇది నిజంగా మంచి వేగం. కాకపోతే ఆ కంపెనీ దరఖాస్తుకు కొన్నేళ్ల ముందు నుంచే ఎన్ఆర్‌సీతో కూర్చుని ఒక్కో అంశం తేల్చుకుంటూ వచ్చింది. క్లయింట్ చూపించే స్లయిడ్లలో ఆ ఏళ్లు ఉండవు.

కొత్త చట్టాలు, నిబంధనలు ఫీజును, పర్యావరణ నివేదికను, విచారణ తంతును, ఎమర్జెన్సీ జోన్‌ను తేలిక చేశాయి. డిజైన్‌లో తేలకుండా మిగిలిన ప్రశ్నను ఏ చట్టమూ తేల్చదు. ఆలస్యం ఎక్కువగా పుట్టేది అక్కడే. మీలాంటి టీముల పని నేరుగా తగిలేదీ అక్కడే, కాబట్టి సగం జవాబు దాని గురించే ఉంటుంది.

ముందు దారుల సంగతి. అమెరికా అణు నిబంధనల్లో ముఖ్యమైనవి 10 సీఎఫ్ఆర్ అనే సంపుటిలో ఉంటాయి. అందులో పార్ట్ 50 పాత దారి. ముందు కన్‌స్ట్రక్షన్ పర్మిట్, కట్టడం చివరికొచ్చాక ఆపరేటింగ్ లైసెన్సు. కట్టేశాక లైసెన్సు దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కున్న అనుభవాల వల్ల 1989లో పార్ట్ 52 తెచ్చారు. ఇందులో కట్టడానికీ నడపడానికీ కలిపి ఒకటే లైసెన్సు. స్థలానికి ముందస్తు అనుమతి, డిజైన్‌కు విడిగా సర్టిఫికేషన్ కూడా తీసుకోవచ్చు. మూడోది పార్ట్ 53. నీటితో చల్లబడే రియాక్టర్లకే కాక ఏ సాంకేతికతకైనా సరిపోయే నిబంధనలు 2027 చివరికల్లా తేవాలని 2019 జనవరిలో వచ్చిన నీమా చట్టం ఎన్ఆర్‌సీని ఆదేశించింది. సిబ్బంది తయారు చేసిన మొదటి పాఠం రెండు సమాంతర చట్రాలతో మరీ బరువైపోయింది. ఒకదాన్ని తీసేయమని 2024 మార్చిలో కమిషన్ చెప్పింది. అక్టోబరులో ముసాయిదా ప్రచురించారు. మీ ప్రాజెక్టు దరఖాస్తు రాసేనాటికి ఫెడరల్ రిజిస్టర్‌లో (అమెరికా ప్రభుత్వ గెజిట్) ఉన్న పాఠాన్నే ప్రమాణంగా పట్టుకోండి, ఇలాంటి జవాబుల్లో చదివింది కాదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. సంస్కరణ అని చెప్పి తెచ్చిన పార్ట్ 52ను పక్కనపెట్టి, కొత్త తరం కంపెనీల్లో ముందు వరుసలో ఉన్నవి దాదాపు అన్నీ పాత పార్ట్ 50నే ఎంచుకున్నాయి. కైరోస్, టెర్రాపవర్, టెక్సస్‌లో ఎక్స్-ఎనర్జీ, టెనెసీలోని క్లించ్ రివర్ దగ్గర ప్రభుత్వ విద్యుత్ సంస్థ టీవీఏ, అన్నీ కన్‌స్ట్రక్షన్ పర్మిట్ దారిలోనే వెళ్లాయి. ఎందుకంటే పార్ట్ 52లో డిజైన్ మొత్తం ముందే తేలిపోవాలి. ఆ తర్వాత సైటులో ఏదైనా మార్చాల్సి వస్తే, అది లైసెన్సులో రాసిన విషయమైతే, సవరణకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. జార్జియాలోని వోగ్టిల్ 3, 4 యూనిట్లకు 2012 ఫిబ్రవరిలో పార్ట్ 52 కింద, కట్టడానికీ నడపడానికీ కలిపిన లైసెన్సు వచ్చింది. అప్పటి నుంచి పూర్తయ్యేలోపు తెచ్చుకున్న లైసెన్సు సవరణలు వందకు పైనే. దానికి తోడు ఐటాక్ అనే తనిఖీ అంశాలు ఒక్కో యూనిట్‌కు దాదాపు 400. ఒక్కోదానికి పరీక్ష చేసి, కాగితం పెట్టి, మూసుకుంటూ పోవాలి. మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. ఒకే డిజైన్‌ను పదిసార్లు కట్టేవాడికి పార్ట్ 52 బంగారం. మొదటిది కట్టేవాడికి అది గుదిబండ.

పార్ట్ 50లో పర్మిట్ దశకు ప్రాథమిక భద్రతా విశ్లేషణ నివేదిక సరిపోతుంది. ఇంకా పరిశోధనలో ఉన్న అంశాలుంటే వాటిని జాబితా వేసి, నిర్మాణం పూర్తయ్యేలోపు ఎలా తేలుస్తారో చెప్పాలి. ఆ వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. దీన్ని చూసి "ఇప్పుడు తోచింది రాసేద్దాం, తర్వాత చూసుకుందాం" అనుకునే టీములున్నాయి. అలా వాయిదా వేసిందంతా ఆపరేటింగ్ లైసెన్సు దగ్గర కుప్పపడుతుంది. అప్పటికి కాంక్రీటు పోసేసి ఉంటారు కాబట్టి డిజైన్ మార్చుకునే స్వేచ్ఛా ఉండదు.

మూడు కేసులు చూస్తే సంగతి తెలుస్తుంది.

చిన్న రియాక్టర్ల కంపెనీ నూస్కేల్ 2016 చివర్లో 50 మెగావాట్ల మాడ్యూల్‌కు డిజైన్ సర్టిఫికేషన్ అడిగింది. దరఖాస్తు 12,000 పేజీలు. సాంకేతిక సమీక్ష 42 నెలలు పట్టి 2020 ఆగస్టులో ముగిసింది. దాన్ని నిబంధనగా ప్రచురించేసరికి 2023 జనవరి వచ్చింది. 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని కంపెనీయే చెప్పుకుంది. ఇంత చేశాక కూడా స్టీమ్ జనరేటర్ ట్యూబుల్లో ప్రవాహ స్థిరత్వం సహా మూడు అంశాలు తేలకుండా మిగిలాయి. వాటిని లైసెన్సుకు వచ్చే కొనుగోలుదారు తేల్చుకోవాలని వదిలేశారు. ఈలోగా 50 మెగావాట్లతో గిట్టుబాటు కాదని మాడ్యూల్‌ను 77కు పెంచారు. అంటే సర్టిఫికెట్ వచ్చేనాటికి ఆ సైజు కొనేవాడు లేడు. 77 మెగావాట్ల డిజైన్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టి 2025 మేలో ఆమోదం తెచ్చుకున్నారు. ఈసారి రెండేళ్ల లోపే అయింది. నిబంధనలేమీ పెద్దగా మారలేదు. ప్రశ్నల్లో చాలావరకు మొదటిసారే తేలిపోవడమే కారణం.

ఓక్లో అనే కంపెనీ 2020 మార్చిలో 1.5 మెగావాట్ల అరోరా రియాక్టర్‌కు పార్ట్ 52 కింద కలిపిన లైసెన్సు అడిగింది. 2022 జనవరిలో ఎన్ఆర్‌సీ దాన్ని తిరస్కరించింది. మళ్లీ పెట్టుకోవచ్చన్న వెసులుబాటు మాత్రం ఇచ్చింది. రియాక్టర్ సురక్షితం కాదని ఎక్కడా అనలేదు. గరిష్ఠ ప్రమాదం ఏదో ఎలా తేల్చారు, పరికరాల భద్రతా వర్గీకరణ దేని ఆధారంగా చేశారు అన్న ప్రశ్నలకు తగినంత సమాచారం రాలేదన్నది కారణం. చిన్న రియాక్టర్ కాబట్టి చిన్న జవాబు చాలదు. నిజానికి "ఇంతకు మించి ఏమీ జరగదు" అని చెప్పేవాడే, ఇంకేమేమి జరగవచ్చో వెతికి చూశానని ఎక్కువ గట్టిగా చూపించాలి.

కైరోస్ హెర్మీస్ మూడో రకం. 35 మెగావాట్ల ఉష్ణశక్తి గల పరీక్షా రియాక్టర్, టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో. ద్రవ ఫ్లోరైడ్ ఉప్పుతో చల్లబరుస్తారు, ఇంధనం ట్రైసో గుళికలు, అంటే రక్షణ పొరలు కప్పిన సన్నటి కణాలతో చేసినవి. దరఖాస్తు 2021 చివర్లో, పర్మిట్ 2023 డిసెంబరులో. వాళ్లు చేసిన తెలివైన పనులు రెండు. మొదటిది, ఇంధనం, ద్రవ ఉప్పు, లోహ పదార్థాలు, ప్రమాద విశ్లేషణ పద్ధతి వంటివాటిని టాపికల్ రిపోర్టులుగా, అంటే ఒక్కో అంశానికి విడిగా ఆమోదం కోరే నివేదికలుగా, విడదీసి ముందుగానే పంపారు. రెండోది, పరీక్షా రియాక్టర్ కాబట్టి సమగ్ర సంభావ్యతా లెక్కల జోలికి పోకుండా, నిజంగా జరిగే దేనికన్నా ఘోరమైన ఒక ఊహాత్మక ప్రమాదాన్ని తీసుకుని, దాని రేడియేషన్ డోసు కూడా పరిమితి లోపలే ఉందని చూపారు. అదే స్థలంలో హెర్మీస్ 2కు పర్మిట్ 2024 నవంబరులో వచ్చింది. దానికి పూర్తి పర్యావరణ ప్రభావ నివేదిక కూడా అడగలేదు, చిన్న మదింపుతో సరిపెట్టారు.

ఇప్పుడు సంస్కరణలు ఎక్కడ పనికొస్తాయో చూద్దాం.

ఫీజు. ఎన్ఆర్‌సీ తన ఖర్చులో అధిక భాగాన్ని ఫీజుల రూపంలోనే రాబట్టుకుంటుంది, దరఖాస్తుల సమీక్షకు గంటల లెక్కన వసూలు చేస్తుంది. 2025 రేటు గంటకు 318 డాలర్లు. 2024 జులైలో వచ్చిన అడ్వాన్స్ చట్టం వల్ల అధునాతన రియాక్టర్ల దరఖాస్తులకు 2025 అక్టోబరు 1 నుంచి 148 డాలర్లు. ఉదాహరణకు 30,000 గంటల సమీక్ష అనుకుంటే 95.4 లక్షల డాలర్ల బిల్లు 44.4 లక్షలకు దిగుతుంది. దరఖాస్తుకు ముందు సంప్రదింపులకూ తక్కువ రేటే. చిన్న కంపెనీలు ఇదివరకు మీటర్ తిరుగుతుందన్న భయంతో ముందస్తు సమావేశాలు తగ్గించుకునేవి. ఆ సాకు ఇప్పుడు సగం పోయింది.

ఎమర్జెన్సీ జోన్. ప్రమాదం వస్తే జనాన్ని కాపాడే ఏర్పాట్లు ముందే ఉండాల్సిన ప్రాంతం ఇది. పెద్ద రియాక్టర్లకు చుట్టూ 10 మైళ్ల జోన్ ఉంటుంది. 2023 నవంబరులో వచ్చిన 50.160 నిబంధన ప్రకారం, ప్రమాదం తర్వాత 96 గంటల్లో రేడియేషన్ డోసు 1 రెమ్, అంటే 10 మిల్లీసీవర్టులు, దాటే అవకాశం ఉన్న ప్రాంతం వరకే జోన్ గీసుకోవచ్చు. లెక్క తట్టుకుంటే అది ప్లాంటు కంచెతోనే ఆగిపోతుంది. ఫ్యాక్టరీ పక్కన రియాక్టర్ పెట్టాలనుకునేవాళ్లకు మొత్తం సంస్కరణల్లో అన్నిటికన్నా విలువైనది నా దృష్టిలో ఇదే. జాగ్రత్త ఒకటే. ఈ లెక్కకు మూలం మీ ప్రమాద విశ్లేషణలోని రేడియోధార్మిక విడుదల అంచనా. అది మారితే జోన్ మారుతుంది, జోన్ మారితే స్థలం ఎంపికే మారొచ్చు.

పర్యావరణం, విచారణ. 2023 జూన్‌లో వచ్చిన చట్ట సవరణతో ప్రభావ నివేదిక మామూలుగా 150 పేజీలు, రెండేళ్లు దాటకూడదు. చిన్న మదింపుకైతే 75 పేజీలు, ఏడాది. పర్మిట్‌కు ముందు చట్టప్రకారం జరగాల్సిన విచారణను కూడా ఇప్పుడు ఎక్కువగా కాగితాల మీదే పూర్తి చేస్తున్నారు. ఎవరైనా అభ్యంతరం వేసి, అది విచారణకు అర్హమని తేలితే మాత్రం ఆ దారి వేరు. దీని గురించి మీరు తలపట్టుకోవాల్సిన పని లేదు, అది క్లయింట్ లాయర్ల పని.

గడువు. 2025 మే 23 నాటి ఉత్తర్వు కొత్త రియాక్టర్ల దరఖాస్తుల మీద తుది నిర్ణయానికి 18 నెలల గరిష్ఠ గడువు పెట్టమంది. గడువుకు కట్టుబడేలా గంటల ఫీజు వసూలుకు పరిమితి కూడా పెట్టమంది. దీన్ని చూసి సంబరపడేవాళ్లకు ఒక హెచ్చరిక. గడువు బిగిస్తే సమీక్షకుడి దగ్గర ఓపిక తగ్గుతుంది. అసంపూర్ణమైన దరఖాస్తును డాకెట్‌కే ఎక్కించకుండా వెనక్కి పంపడం, లేదా ఓక్లోకు చేసినట్టు తిరస్కరించడం అప్పుడు మరింత తేలిక.

ఇక మీ పనికి వద్దాం. కొత్త తరం కంపెనీల్లో ఎక్కువ మంది వాడే పద్ధతిని లైసెన్సింగ్ మోడర్నైజేషన్ ప్రాజెక్ట్ అంటారు. పరిశ్రమ రాసిన ఎన్ఈఐ 18-04 అనే పత్రం దానికి ఆధారం. 2020 జూన్‌లో రెగ్యులేటరీ గైడ్ 1.233 ద్వారా ఎన్ఆర్‌సీ ఆమోదించింది. దీని తర్కం ఇలా నడుస్తుంది. ముందు సంభావ్యతా విశ్లేషణతో ప్రతి ఘటనకూ ఏడాదికి ఎంత తరచుగా జరగొచ్చో అంచనా కడతారు. వందలో ఒక వంతుకన్నా తరచుగా వచ్చేవి ఒక వర్గం. వందలో ఒకటి నుంచి పది వేలలో ఒకటి దాకా డిజైన్ బేసిస్ ఘటనలు, అంటే డిజైన్ చేసేటప్పుడే లెక్కలోకి తీసుకోవాల్సినవి. అక్కడి నుంచి ఇరవై లక్షల్లో ఒకటి దాకా డిజైన్ బేసిస్‌కు అవతలివి. ఒక్కో స్థాయికి డోసు హద్దు ఉంటుంది. వందలో ఒకటి దగ్గర 1 రెమ్, పది వేలలో ఒకటి దగ్గర 25 రెమ్, ఇరవై లక్షల్లో ఒకటి దగ్గర 750 రెమ్. ఈ బిందువులను కలిపిన గీత లోపల మీ ఘటనలన్నీ ఉండాలి. సగటు విలువ చూసి ఊరుకోరు, అనిశ్చితి పట్టీ అంచు గీతకు ఎంత దగ్గరగా వచ్చిందో కూడా అడుగుతారు.

ఈ గీత నుంచే పరికరాల వర్గీకరణ పుడుతుంది. మూడు తరగతులు: భద్రతా సంబంధమైనవి, భద్రతా సంబంధం కాకపోయినా ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవి, మామూలువి. మొదటి తరగతిలో పడితే పార్ట్ 50లోని అపెండిక్స్ బి నాణ్యతా నియమాలు 18 పూర్తిగా వర్తిస్తాయి. మూడో తరగతిలో పడితే మార్కెట్లో దొరికే వాణిజ్య సరుకు చాలు. ఒకే సైజు వాల్వు, తరగతి మారితే ధర, గడువు, కాగితం అన్నీ మారిపోతాయి. నీటి రియాక్టర్లలో ఈ వర్గీకరణ ఏనాడో స్థిరపడింది. ఇక్కడ ప్రతి కంపెనీ కొత్తగా చేసుకోవాలి.

దగ్గరగా ఒక ఉదాహరణ తీసుకుందాం. సోడియం రియాక్టర్‌లో పాత్ర చుట్టూ గాలి సహజంగా పైకి పారుతూ మిగులు వేడిని తీసుకుపోయే ఏర్పాటు ఉందనుకోండి. పంపు లేదు, కరెంటు అక్కర్లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాబట్టి "విఫలం కావడానికి కదిలే భాగమే లేదు" అని నివేదికలో రాశారు. మీ డ్రాయింగ్ టీమ్ చలికాలంలో వేడి నష్టం తగ్గించాలని గాలి గొట్టంలో ఒక డాంపర్ (గాలిని తగ్గించే, ఆపే రేకు తలుపు) పెట్టింది. రివిజన్ బి నుంచి సి, క్లౌడ్ మార్క్ గీసి, "చిన్న మార్పు" అని రాసింది. ఇప్పుడు ఆ డాంపర్ మూసుకుపోయి ఇరుక్కుంటే ఏమవుతుంది అన్న కొత్త ఘటన పుట్టింది. సంభావ్యతా నమూనా మారాలి. డాంపర్, దాని మోటారు, పొజిషన్ స్విచ్ ఏ తరగతో తేల్చాలి. దాన్ని ఎన్నాళ్లకోసారి పరీక్షించాలో టెక్నికల్ స్పెసిఫికేషన్లలో (ప్లాంటును నడిపేటప్పుడు పాటించాల్సిన హద్దులు, పరీక్షల పత్రం) రాయాలి. అప్పటికే డాకెట్‌లో ఉన్న నివేదికలోని ఆ వాక్యం అబద్ధమైపోయింది. దరఖాస్తు డాకెట్‌కు ఎక్కాక వచ్చే ఇలాంటి మార్పులే గడువును తినేసేవి. కాబట్టి డ్రాయింగ్ మార్పు ఫారంలో "ఇది భద్రతా నివేదికలోని ఏ సెక్షన్‌ను తాకుతుంది" అన్న గడి ఒకటి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే విడుదల కాకూడదు.

దీనికి భిన్నంగా, ఒక కంపెనీ మంచి డిజైన్ నిర్ణయం తీసుకుంటే ఎంత కలిసొస్తుందో కూడా చూడండి. టెర్రాపవర్ నేట్రియంలో రియాక్టర్‌కూ టర్బైన్‌కూ మధ్య ద్రవ ఉప్పు ట్యాంకులు పెట్టి వేడిని నిల్వ చేస్తారు. రియాక్టర్ 345 మెగావాట్లదే, అవసరమైనప్పుడు 500 దాకా ఇవ్వగలదు. లైసెన్సు కోణంలో లాభం వేరే ఉంది. టర్బైన్ వైపు ఏం జరిగినా రియాక్టర్ భద్రతకు సంబంధం లేదని చూపగలిగితే ఆ సగం ప్లాంటు మామూలు ఫ్యాక్టరీ పనిలా కట్టుకోవచ్చు. ఆ గీత ఎక్కడ పడుతుందో పైపింగ్ డ్రాయింగులో స్పష్టంగా ఉండాలి, అటు ఇటు దాటే ఒక్క సిగ్నల్ కేబుల్ ఉన్నా దానికి జవాబు ఉండాలి.

నిబంధనల వర్తింపు పట్టిక ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. పార్ట్ 50లోని ప్రతి నిబంధన ఎదురుగా మూడింటిలో ఒకటి రాయాలి: వర్తిస్తుంది, పాఠం ప్రకారమే వర్తించదు, వర్తిస్తుంది కానీ మినహాయింపు అడుగుతున్నాం. 50.46 అత్యవసర శీతలీకరణ నిబంధన జిర్కలాయ్ లేదా జిర్లో గొట్టాల్లో ఆక్సైడ్ ఇంధనం ఉన్న నీటి రియాక్టర్ల గురించే మాట్లాడుతుంది. ట్రైసో రియాక్టర్‌కు అది పాఠం ప్రకారమే వర్తించదు. దానికి మినహాయింపు అడగడం అనవసరపు పని. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ల సంఖ్య చెప్పే 50.54(ఎం) మాత్రం వర్తిస్తుంది, తక్కువ మంది చాలనుకుంటే మినహాయింపు కావాలి, దాని వెనక పని విశ్లేషణ, సిమ్యులేటర్ పరీక్షలు కావాలి. నూస్కేల్ కూడా ఇలాంటి విశ్లేషణ, పరీక్షలతోనే తక్కువ సిబ్బందిని సమర్థించుకుంది. డిజైన్ ప్రమాణాలకైతే పార్ట్ 50 అపెండిక్స్ ఎ నీటి రియాక్టర్లకు రాసింది, మిగతావాళ్లకు మార్గదర్శకం మాత్రమే. సోడియం, గ్యాస్ రియాక్టర్లకు దాన్ని తిరగరాసిన పాఠం 2018 నాటి రెగ్యులేటరీ గైడ్ 1.232లో ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి, ఖాళీ కాగితం నుంచి కాదు.

ఇంధనం, పదార్థాలు అసలైన చిక్కులు. ట్రైసో అదృష్టం ఏమిటంటే, ఇడాహో జాతీయ ప్రయోగశాల ఏళ్ల తరబడి పరీక్షలు చేసి పెట్టింది. ఒక మిల్లీమీటరు కూడా లేని ఇంధన కణం చుట్టూ కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొరలుంటాయి. మొదటి విడత పరీక్షలో దాదాపు 3 లక్షల కణాలను రియాక్టర్‌లో ఉంచితే పొర పగిలిన కణం ఒక్కటీ లేదు. తర్వాత 1600 డిగ్రీలు, ఆపైన వేడి చేసి చూశారు. ఆ డేటాతో రాసిన టాపికల్ రిపోర్టును 2020లో ఎన్ఆర్‌సీ ఆమోదించింది, ఎవరైనా దాన్ని ఉటంకించవచ్చు. కానీ ఆమోదం చివర పరిమితులు, షరతులు అనే భాగం ఉంటుంది. మీ కణం అదే స్పెసిఫికేషన్‌తో తయారైందా, మీ ఉష్ణోగ్రత, బర్నప్ (ఇంధనం ఎంత మేరకు ఖర్చయిందన్న కొలత) ఆ పరిధిలోనే ఉన్నాయా? ఒక్కో షరతుకు ఒక్కో వరుస పెట్టి, మీ విలువ, దాని ఆధారం పక్కపక్కనే రాయాలి. ఈ పట్టిక లేకుండా "ఆమోదిత రిపోర్టును వాడాం" అని రాస్తే ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఇంకొకటి భద్రతా కాపలా గురించి. ఈ ఇంధనాల్లో చాలావాటికి 20 శాతం లోపు దాకా శుద్ధి చేసిన యురేనియం కావాలి. 10 శాతం దాటి శుద్ధి అయి, యురేనియం-235 మొత్తం 10 కిలోలకు చేరితే అది రెండో కేటగిరీ పదార్థం. తాళాలు, కంచెలు, కాపలా, రవాణా అన్నిటికీ నిబంధనలు ఒక మెట్టు పెరుగుతాయి. లేఅవుట్ డ్రాయింగులు మొదలుపెట్టే ముందే ఇంధన గది ఎక్కడ ఉంటుందో, అక్కడ ఏ క్షణంలో ఎన్ని కిలోలు ఉంటాయో అడిగి తెలుసుకోండి.

ఎక్కువ వేడిలో పనిచేసే లోహ భాగాలకు అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) కోడ్‌లోని సెక్షన్ 3 డివిజన్ 5 వాడతారు. ఎన్ఆర్‌సీ 2023 జనవరిలో రెగ్యులేటరీ గైడ్ 1.87 కొత్త రివిజన్‌తో దాన్ని, కొన్ని షరతులతో, ఆమోదించింది. అందులో అనుమతి ఉన్న లోహాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే: 304హెచ్, 316హెచ్, 800హెచ్, రెండు క్రోమియం-మాలిబ్డినం ఉక్కులు, అలాయ్ 617. వీటికి బయట ఏది ఎంచుకున్నా క్రీప్ (వేడిలో, బరువు కింద లోహం మెల్లగా సాగడం) డేటా కోసం ఏళ్లు పడతాయి. కోడ్ మీకు యాంత్రిక బలాన్ని మాత్రమే ఇస్తుంది. సోడియం, ఉప్పు, హీలియంలోని మలినాల వల్ల తుప్పు, వికిరణం వల్ల పెళుసుదనం దరఖాస్తుదారుడే చూపించాలి. వెల్డు విడిగా మరో అధ్యాయం. అసలు లోహానికి డేటా ఉండి వెల్డు ఫిల్లర్‌కు లేకపోతే లేనట్టే లెక్క.

డేటా ఎక్కడిదన్నది మరో పేచీ. సోడియం రియాక్టర్లకు అమెరికాలోని ప్రయోగాత్మక రియాక్టర్ ఈబీఆర్-2 గొప్ప ఆధారం. 1964 నుంచి 1994 దాకా నడిచింది. 1986 ఏప్రిల్‌లో ఇన్‌స్ట్రుమెంట్లు చూస్తూ పంపులు ఆపి, షట్‌డౌన్ రాడ్లు దించకుండానే రియాక్టర్ తనంత తాను చల్లబడటం చూపారు. కానీ ఆ రికార్డులు ఇప్పటి నాణ్యతా నియమాల కింద పుట్టినవి కావు. వాడాలంటే ఎన్‌క్యూఏ-1 అనే అణు నాణ్యతా ప్రమాణం చెప్పే పద్ధతిలో పాత డేటాను అర్హం చేసుకోవాలి. మళ్లీ పరీక్షించి సరిపోల్చడం, అప్పటి నాణ్యతా వ్యవస్థ నేటిదానికి సమానమని చూపడం, స్వతంత్ర నిపుణుల సమీక్ష వంటి మార్గాలున్నాయి. మీ లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ధ్రువీకరణ నివేదిక, ఇన్‌పుట్ ఫైల్, చేసినవారి సంతకం, స్వతంత్రంగా తనిఖీ చేసినవారి సంతకం. పక్క సీటులో కూర్చున్నవాడు చివర్లో సంతకం పెడితే అది తనిఖీ కాదు. ఏ ప్రత్యామ్నాయ లెక్కతో సరిచూశాడో కాగితం మీద ఉండాలి. క్లయింట్ ఆమోదిత సరఫరాదారుల జాబితాలో మీ కంపెనీ చేరకముందు చేసిన భద్రతా లెక్క ఎంత బాగున్నా తర్వాత మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. ఇది డబ్బు దగ్గర గొడవ అయ్యే చోటు, ఒప్పందంలోనే తేల్చుకోండి.

సమీక్ష మొదలయ్యాక ఎన్ఆర్‌సీ సిబ్బంది ఆడిట్ పెడతారు. ఎలక్ట్రానిక్ రీడింగ్ రూమ్‌లో మీ లెక్కలు తెరిచి చూస్తారు. చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి, లాంఛనంగా ప్రశ్నాపత్రం రాదు. హైదరాబాద్ టైమ్ ప్రకారం రాత్రి కాల్స్ ఉంటాయి, లెక్క చేసిన మనిషే మాట్లాడాలి. ఒక్క విషయం మరవొద్దు. ఆడిట్‌లో చూసిన దాని మీద ఆధారపడి సిబ్బంది నిర్ణయం రాయలేరు. ఆధారం అవసరమైతే దాన్ని డాకెట్ మీదికి, ప్రమాణపూర్వకంగా, తేవాలి. అందుకే ప్రతి లెక్కకూ రెండు పేజీల సారాంశం ముందే రాసి పెట్టుకోవడం లాభం.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది పార్ట్ 810. ఇది ఎన్ఆర్‌సీది కాదు, అమెరికా ఇంధన శాఖది, 10 సీఎఫ్ఆర్‌లోనే ఉంటుంది. అమెరికా రియాక్టర్ సాంకేతిక సమాచారం భారత్‌లోని సంస్థకు ఇవ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. 2025 మార్చిలో అమెరికా రియాక్టర్ కంపెనీ హోల్టెక్‌కు అలాంటి అనుమతి ఇచ్చినప్పుడు ఏ భారతీయ సంస్థలకు ఇవ్వొచ్చో పేర్లతో సహా రాశారు: దాని సొంత అనుబంధ సంస్థ, టాటా కన్సల్టింగ్ ఇంజినీర్స్, ఎల్ అండ్ టీ. మీ కంపెనీ పేరు మీ క్లయింట్ అనుమతిలో ఉందో లేదో అడగండి. లేకపోతే షేర్డ్ ఫోల్డర్‌లో ఒక రియాక్టర్ డ్రాయింగు తెరవడం కూడా ఉల్లంఘనే అవుతుంది. అమెరికా ఆఫీసులో కూర్చుని పనిచేసే భారతీయ పౌరుల విషయంలోనూ ఈ నిబంధన ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు చాలామంది దీన్ని గమనించరు.

చివర్లో "ఇది మన దేశంలో పనికొస్తుందా" అని కూడా అడిగారు. కొంతవరకు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించినవి ఆరు ఏపీ1000 రియాక్టర్లు, వోగ్టిల్‌లో కట్టిన డిజైనే. కాబట్టి వోగ్టిల్ లైసెన్సు చరిత్ర, ఆ సవరణలన్నీ, కొవ్వాడకు నేరుగా సంబంధించిన చదువు. అయితే అనుమతి ఇచ్చేది మన అణు ఇంధన నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. స్థలం, నిర్మాణం, కమిషనింగ్, ఆపరేషన్ అంటూ అంచెలంచెలుగా ఇస్తుంది, మన పద్ధతి పార్ట్ 52 కన్నా పార్ట్ 50కే దగ్గర. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది, ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. కానీ ఇక్కడ చెప్పిన ఘటనల గీత, మూడు తరగతుల వర్గీకరణ అమెరికా మార్గదర్శకాల ప్రకారం చేసినవి. వాటిని యథాతథంగా ఏఈఆర్‌బీ ముందు పెడితే సరిపోతుందని లెక్క వేసుకోకండి. ఏఈఆర్‌బీ కోడ్‌లు, గైడ్లు వేరే ఉన్నాయి, వాటితో క్లాజు క్లాజు సరిపోల్చే పని మళ్లీ మొదటి నుంచి ఉంటుంది.

ప్రాజెక్టులో చేరిన మొదటి వారంలోనే క్లయింట్‌ను ఈ నాలుగు కాగితాలు అడగండి: పార్ట్ 810 అనుమతి ప్రతి, ఎన్ఆర్‌సీకి ఇచ్చిన ముందస్తు సంప్రదింపుల ప్రణాళిక, ఇప్పటిదాకా పంపిన టాపికల్ రిపోర్టుల జాబితా వాటి స్థితితో సహా, పరికరాల వర్గీకరణ తాజా పట్టిక. నాలుగోది "ఇంకా తయారవుతోంది" అంటే, డిటెయిల్డ్ డ్రాయింగులకు గంటలు కోట్ చేయకండి, కాన్సెప్ట్ దశ రేటుకే ఒప్పుకోండి.